వీపు వెనకాల ఇంజను

మద్రాసులో ఇంజను మధ్యలో ఉన్న బండి అంటే ఒకప్పుడు అందరికీ తెలిసింది మారుతి వ్యానే. ముందు సీటు పైకెత్తితే కింద ఇంజను. మే నెల మధ్యాహ్నం మౌంట్ రోడ్డు సిగ్నల్లో ఆగితే డ్రైవరు తొడల కింద కుంపటి పెట్టినట్టుండేది. 1984లో వచ్చి, తర్వాత ఓమ్ని అని పేరు మార్చుకుని, స్కూలు పిల్లల్నీ పెళ్ళివారి సామాన్లనీ ఆస్పత్రికి పోయే రోగుల్నీ అదే మోసింది. ఆ 1984లోనే టొయోటా వాళ్ళు జపాన్‌లో ఇంకో బండి అమ్మకానికి పెట్టారు. దానికీ ఇంజను మధ్యలోనే, కాకపోతే సీటు కింద గాక వీపు వెనకాల. రెండే సీట్లు, గూట్లోంచి పైకి లేచే దీపాలు, కాగితం మడతపెట్టి చేసినట్టు కోసు కోసు అంచులు. పేరు ఎంఆర్2. మిడ్‌షిప్, రనబౌట్, టూ సీటర్ అని విడగొట్టుకోవాలి. ఫ్రెంచి వాళ్ళ నోట ఆ పేరు బూతుమాటలా వినబడుతుందని ఆ దేశంలో మాత్రం 2 తీసేసి అమ్మారు.

మన ఊరికి అవి ఎక్కువ రాలేదు. విదేశాల్నుంచి తిరిగొచ్చేవాళ్ళు ఇంటి సామానుతో పాటు తెచ్చుకున్న బండ్లలో ఎక్కడో ఒకటి ఉండేది. వచ్చిన కొత్తలో ముద్దు, రెండేళ్ళకి విడిభాగాల కరువు, ఆ పైన టార్పాలిన్ కప్పి చెట్టు కింద. అలా పడున్న బండిని లేపి నిలబెట్టిన షెడ్డుల్లో పనివాళ్ళు సగానికి సగం నెల్లూరు, చిత్తూరు వైపు వాళ్ళు. కోడంబాకం సినిమావాళ్ళ ఇంపాలాలు విప్పి బిగించిన మేస్త్రీల చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళని ఈ బండి గురించి అడిగితే ఇంజను ఊసు ఎత్తేవాళ్ళు కారు. "నీళ్ళు పోసేది ఒకచోట, కాగేది ఇంకోచోట, చల్లారేది మూడోచోటన్నా" అనేవాళ్ళు. ఈ బండి మర్మం మొత్తం ఆ మాటలో ఉంది. రేడియేటర్ ముక్కు దగ్గర, ఇంజను వెనక, మధ్యలో మనుషులు. నీళ్ళు, క్లచ్చు ఆయిలు, గేరు కేబుళ్ళు, యాక్సిలరేటరు తీగ, కరెంటు అన్నీ ఆ మనుషుల్ని దాటుకుని పోవాలి. చెడేది ఎప్పుడూ ఆ దారిలోనే.

నీళ్ళ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చెన్నైలో ఈ బండి ఇంజన్లు చచ్చింది ఎక్కువగా దానివల్లే. రేడియేటర్ నుంచి ఇంజను దాకా కడుపు కింద రెండు ఇనప పైపులు పోతాయి. మామూలు బండికి అరగజం రబ్బరు పైపుతో తీరిపోయే పని ఇక్కడ బండి పొడుగునా సాగుతుంది. అందుకే మొత్తం దాదాపు 13 లీటర్లు పడుతుంది. ఈ అంకె గుర్తుంటే సగం రోగాలు ముందే తెలుస్తాయి. అంతా ఒంపేసి మళ్ళీ పోస్తే తొమ్మిది లీటర్లకే నిండిపోయిందంటే మిగతా నాలుగు లీటర్ల చోట గాలి కూర్చుందన్నమాట. ఆ గాలి ముద్ద ఇంజను తల దగ్గరికి చేరేదాకా మీటరు ముల్లు మామూలుగానే ఉంటుంది. గిండీ దాటి కత్తిపారా ఎక్కేలోపు ఒక్కసారిగా ఎర్రగీతకి ఎగురుతుంది. అప్పటికి హెడ్డు వంగే ఉంటుంది.

గాలి తీసే పద్ధతి ఓపికగా చెయ్యాల్సింది. బండి చదునైన నేల మీద ఉండాలి. లోపల హీటరు మీట పూర్తిగా వేడి వైపు తిప్పాలి. ముందు బానెట్ కింద గాలి వదిలే నిపుల్స్ రెండున్నాయి, ఒకటి రేడియేటర్ మీద, ఇంకోటి హీటరు దారిలో. రెండిటికీ మీటరు పొడుగు పారదర్శక ప్లాస్టిక్ గొట్టాలు తగిలించి, వాటి పై కొసల్ని ఇంజను దగ్గరున్న పోత మూతి కంటే ఎత్తులో బానెట్‌కి కట్టాలి. మందుల షాపులో దొరికే సెలైన్ గొట్టం కూడా పనికొచ్చేది, నిపుల్ మీద బిగుతుగా కూర్చుంటే చాలు. ఆ నిపుల్స్ వదులు చేసి, వెనక మూతి దగ్గర సన్నధారగా పోస్తూ పోవాలి. మొదట గొట్టాల్లో ఏమీ ఉండదు. కాసేపటికి ఒకదాంట్లో బుడగలు గుడగుడమంటాయి, ఒక జానెడు నీళ్ళు ఎగబాకి మళ్ళీ కిందికి జారతాయి. ఆగి చూడాలి, మళ్ళీ పోయాలి. వెనక మూతి దగ్గర మట్టమూ ముందు రెండు గొట్టాల్లో మట్టమూ ఒకే ఎత్తుకొచ్చి బుడగ లేకుండా నిలబడితే నిపుల్స్ బిగించి, ఇంజను స్టార్ట్ చేసి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, చల్లారాక మట్టం చూసి తగ్గిన మేరకు పోయాలి. అంతా సవ్యంగా జరిగితే గంట. తొందరపడితే రెండు రోజులు.

ఇక్కడే మన ఊరి తెలివి ఒకటి అడ్డం పడేది. మద్రాసులో హీటరు దేనికని, అది కారడం మొదలుపెట్టగానే రెండు పైపుల్నీ కలిపి చుట్టేసి పంపించేవాళ్ళు. అంబాసిడర్‌కి అది చెల్లుతుంది. ఈ బండిలో గాలి బయటికొచ్చే దారుల్లో ఒకటి హీటరు మీదుగానే ఉంది. దాన్ని మూసేశాక ఎన్ని గొట్టాలు కట్టినా బుడగ లోపలే తిరుగుతుంది. అలాగే వేడెక్కుతోందని నీళ్ళ దారిలో ఉండే థర్మోస్టాట్ పీకేయడం. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఆ చిన్న ముక్క లేకపోతే తెల్లవారుజామున ఇంజను ఎంతకీ వేడెక్కదు. ఇంజను ఇంకా చల్లగానే ఉందని దాన్ని నడిపే కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది, ఆ పెట్రోలు సిలిండరు గోడల్ని కడిగి ఆయిల్‌లో కలుస్తుంది. రోగం వేడిది, వైద్యం ఆయిలు పాడుచేసేది.

పోసే నీళ్ళ గురించి కూడా ఒక మాట. బోరు నీళ్ళు, లారీ నీళ్ళు పోసిన బండ్లలో ఆ ఇనప పైపులు లోపలినుంచి తినేసి ఉంటాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరూ కూలెంటూ సగం సగం, అంటే ఆరున్నర లీటర్లు చొప్పున, కలిపి పోస్తే చాలు. పైపు పోయాక కొత్తది తెప్పించడానికి నెలలు పట్టేది కాబట్టి అంబత్తూరు ఎస్టేటులో స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించేవాళ్ళు. 304 రకం గొట్టం, పాత పైపు బయటి కొలత వెర్నియర్‌తో చూసి అదే కొలత. వంపులు ఇసుక నింపి వంచాలి, లేకపోతే మూల దగ్గర నొక్కుకుపోయి దారి ఇరుకవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రెండు కొసల్లోనూ చుట్టూ ఉబ్బు తీయించాలి. ఉబ్బు లేని నున్నటి గొట్టం మీద క్లిప్పు ఎంత బిగించినా, మూత మీది ఒత్తిడికి రబ్బరు పైపు ఏదో ఒకరోజు ఊడుతుంది. జాకీ పెట్టేటప్పుడు ఈ పైపులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. నడుం మధ్య జాకీ పెట్టి పైపు చప్పిడి చేసిన పంక్చరు కొట్లు ఎన్నో.

ఫ్యాను తిరగట్లేదంటే ఒక చిన్న పరీక్ష. ఆ కాలపు టొయోటాల్లో చాలావాటికి ఫ్యాను స్విచ్చి తిరకాసుగా ఉండేది. వేడెక్కితే సర్క్యూట్ తెగుతుంది, తెగితే ఫ్యాను తిరుగుతుంది. కాబట్టి తాళం ఆన్‌లో పెట్టి స్విచ్చి వైరు ఊడదీస్తే ఫ్యాను తిరగాలి. తిరిగితే ఫ్యానూ రిలేలూ మంచివే, స్విచ్చి మార్చుకుంటే సరి.

క్లచ్చూ గేర్లూ అదే కథకి రెండో అధ్యాయం. క్లచ్చు పెడల్ ముందు, అది నొక్కాల్సిన సిలిండరు వెనక, మధ్యలో పొడుగాటి సన్నటి పైపు. మామూలుగా పెడల్ తొక్కి గాలి తీయబోతే బుడగ ఆ పైపు వంపుల్లో కాస్త ముందుకి, కాస్త వెనక్కి ఊగుతుందే తప్ప బయటికి రాదు. దీనికి కిందినుంచి పైకి ఎక్కించడమే మందు. 50 మిల్లీలీటర్ల సిరంజితో వెనక సిలిండరు నిపుల్ దగ్గర డాట్ 3 రకం బ్రేకు ఆయిలు నెమ్మదిగా ఎక్కిస్తే గాలి తనంతట తాను పైనున్న డబ్బాలోకి పోతుంది. గాలి స్వభావం పైకి పోవడమే కదా. డబ్బా ముందే సగం ఖాళీ చేసుకోవాలి, లేకపోతే పొర్లి పెయింటు లేచిపోతుంది. సిరంజి రబ్బరు ఆ ఆయిలుకి ఉబ్బిపోతుంది కాబట్టి ఒక్కసారికే పనికొస్తుంది.

గేరు రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా రెండు కేబుళ్ళు, ఒకటి అడ్డంగా లాగేది, ఒకటి నిలువుగా. రెండో గేరు దొరకట్లేదు, రివర్సు వెతుక్కోవాల్సి వస్తోంది అంటే చాలామంది ముందు గేర్‌బాక్సు దింపేసేవాళ్ళు. చూడాల్సింది కేబుల్ కొసల్లో ఉండే ప్లాస్టిక్ బుష్షుల్ని. ఇంజను వేడికి అవి పొడి పొడి అయిపోయి ఉంటాయి. ఒక మనిషి లోపల రాడ్డు కదుపుతుంటే ఇంకొకరు వెనకనుంచి చూడాలి. కేబుల్ కదిలి మీట కదలకపోతే, ఆ కదలని రెండు మూడు మిల్లీమీటర్లే మీకు దొరకని గేరు. లేత్ దగ్గర కొత్త బుష్ తిప్పించడానికి పావుగంట చాలు, అసలు మెలిక ఏ సరుకుతో తిప్పించాలన్నది. తెల్లగా చవగ్గా దొరికేది నైలాన్. మన సముద్రపు గాలి తేమని అది పీల్చుకుని ఉబ్బుతుంది. షెడ్డులో చక్కగా తిరిగిన బుష్ వానాకాలానికి పిన్ను పట్టేసుకుంటుంది. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీతో చేయిస్తే ఆ బాధ లేదు. పిన్నుకీ రంధ్రానికీ మధ్య 0.1 మిల్లీమీటరు సందు చాలు, ఒక చుక్క గ్రీజు. టర్నర్లు "దీనికింత కొలతా సార్" అని నవ్వేవాళ్ళు, పెట్టి చూశాక గేరు తీరు చూసి నవ్వు ఆపేవాళ్ళు.

అయిదో గేరు కాలు తీయగానే దానంతటది బయటికి ఎగిరొస్తే అది కేబుల్ తప్పు కాదు, పెట్టె లోపలిది. ఆ తరం గేర్‌బాక్సులకి పేరుమోసిన జబ్బు. అయితే అయిదో గేరు చక్రం వైపు మూత కిందే ఉంటుంది, పెట్టె మొత్తం దింపక్కర్లేకుండా మూత తీసి హబ్బూ ఫోర్కూ మార్చవచ్చు. ఆయిలు 2.6 లీటర్లు, 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. కొట్టువాడు లారీలకి పోసే చిక్కటి 140 ఇస్తే తీసుకోవద్దు. పొద్దున్నే రెండో గేరు కర్రుమంటుంది.

ఇంజను గురించి చెప్పడానికి అంతగా లేదు, అదే దాని గొప్ప. 4ఏ-జీఈ అని పేరు. 1587 సీసీ, 16 వాల్వులు, తల మీద రెండు క్యామ్ షాఫ్టులు, నిమిషానికి 7500 చుట్ల దాకా తిరుగుతుంది. పాతబడిందో లేదో చూడ్డానికి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, మీటరు పెట్టి చూస్తే చాలు. వేడి ఇంజను, ప్లగ్గులు నాలుగూ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి. చదరపు సెంటీమీటరుకి 12 కిలోలకి అటూ ఇటూ ఉంటే ముట్టుకోవద్దు. 10 కంటే తగ్గినా, సిలిండరుకీ సిలిండరుకీ తేడా 1 దాటినా విప్పాలి. వాల్వు సందులు చల్లటి ఇంజను మీద, లోపలి గాలి వైపు 0.15 నుంచి 0.25, పొగ వైపు 0.20 నుంచి 0.30 మిల్లీమీటర్లు. వాల్వు తల మీది బకెట్ అనే గిన్నె మీద కూర్చునే బిళ్ళలు మార్చి సరిచెయ్యాలి. కావాల్సిన మందం బిళ్ళ దొరక్కపోతే సర్ఫేస్ గ్రైండరు మీద అరగదీయించేవాళ్ళు, అరగదీసిన ముఖం కిందికి, బకెట్ వైపు పెట్టాలన్న సంగతి మర్చిపోకుండా. క్యామ్ తిరిగే ముఖం అరగదీస్తే గట్టిపొర పోయి నెలలో గుంట పడుతుంది. హెడ్డు బోల్టులు 29 న్యూటన్ మీటర్లు, ఆ తర్వాత ప్రతి బోల్టూ 90 డిగ్రీలు, మళ్ళీ ఇంకో 90. మేస్త్రీలు బోల్టు తలమీద పెయింటు చుక్క పెట్టి తిప్పేవాళ్ళు, అంతకంటే మంచి కొలత లేదు. 16 వాల్వుల ఇంజనులో క్యామ్ షాఫ్టుల్ని తిప్పే బెల్టు తెగితే బండి ఆగిపోతుంది, అంతే. వాల్వులు పిస్టన్లకి తగలవు.

ఒక్క మోసం మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఈ ఇంజను పైకి ఒకేలా కనిపిస్తూ లోపల రెండు రకాలు. బ్లాకు వెనకాల పక్కటెముకల్లా ఉండే నిలువు గీతలు లెక్కపెట్టండి. మూడుంటే పాతది, క్రాంక్ పిన్ను 40 మిల్లీమీటర్లు. ఏడుంటే తర్వాతది, 42. సింగపూర్ నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెప్పించుకున్న బేరింగుల సెట్టు తీరా విప్పాక రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే ఆ ఏడుపు ఎవరికి చెప్పుకోవాలి?

కింది స్పీడులో పస లేదు, 4500 దాటాక మాత్రం పరిగెడుతోంది అనే ఫిర్యాదు తరచూ వచ్చేది. లోపలికి గాలి పోయే దారుల్లో సగం మూసే రెక్కలు ఉంటాయి, సుమారు 4350 దగ్గర తెరుచుకుంటాయి. వాటిని మూసి ఉంచేది వాక్యూమ్. ఆ సన్నటి రబ్బరు గొట్టాల్లో ఒకటి చిట్లినా, డయాఫ్రమ్ చిరిగినా రెక్కలు ఎప్పుడూ తెరిచే ఉండిపోతాయి. అయిదు రూపాయల గొట్టానికి కార్బన్ తీయించమని వేలు ఖర్చు పెట్టించిన షెడ్డులూ ఉన్నాయి.

కంప్యూటరు పెట్టెలో నీలం నల్ల కెపాసిటర్లు ముసలివై కారతాయి. రిచీ వీధిలో అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టు, 105 డిగ్రీల రకం తీసుకుని మార్పించుకోవడం పావుపూట పని. దానికంటే ముందు ఎర్త్ చూడాలి. స్టార్టరు తిప్పుతుండగా మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కీ, రెండోది ఇంజను బ్లాకుకీ పెడితే 0.2 వోల్టు లోపల ఉండాలి. 0.5 చూపిస్తే ఎర్త్ పట్టీ తుప్పు పట్టింది, కంప్యూటరుది ఏ తప్పూ లేదు. ప్లగ్గు నిప్పురవ్వ టైమింగు పెట్టేటప్పుడు పరీక్ష డబ్బాలో టీ, ఈ1 అనే రెండు రంధ్రాల్ని పేపర్ క్లిప్పుతో కలిపి, లైటు పట్టి 10 డిగ్రీలకి తేవాలి. క్లిప్పు పెట్టకుండా తెచ్చిన 10 అసలు 10 కాదు.

తుప్పు. బీసెంట్ నగర్‌లో, తిరువాన్మియూరులో కిటికీ ఊచలు ఎలా పొరలుగా రాలతాయో చూసినవాళ్ళకి వివరం అక్కర్లేదు. ఈ బండిలో అది మొదట పట్టేది వెనక చక్రాల పైన రెండు రేకులు కలిసే అంచు, తర్వాత తలుపుల కింది పెట్టెల్లాంటి సిల్లులు, ముందు డిక్కీ పెదవి. కొనేముందు పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆ అంచు వెంట జరుపుతూ పోవాలి. పట్టు జారినచోట కింద లప్పం ఉంది. స్క్రూడ్రైవరు పిడితో తట్టినా తెలుస్తుంది, రేకు ఖంగుమంటుంది, లప్పం మొద్దుగా పలుకుతుంది. ఉబ్బిన పెయింటు రూపాయి బిళ్ళంత కనిపిస్తే లోపల అరచేయంత పోయిందనుకోవాలి.

తుప్పు కనబడిన చోటికి ఇంకో అంగుళం ఆవల, ఖంగుమనే రేకు దాకా కోసేయాలి. 20 గేజి సీఆర్ షీటు కోసిన కన్నానికి సరిగ్గా సరిపోయేలా తీర్చి, అంచు మీద అంచు ఎక్కించకుండా ఎదురెదురుగా పెట్టి సీఓటూ వెల్డింగు. అంచు మీద అంచు ఎక్కితే ఆ సందులో నీళ్ళు నిలిచి రెండో వానకే మళ్ళీ మొదలు. చుక్క చుక్కకీ మధ్య అంగుళం వదిలి, ఈ మూల ఒకటి పెడితే ఆ మూల ఒకటి పెడుతూ పోవాలి. ఒకేచోట గీత లాగితే రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. పాతకాలం గ్యాసు వెల్డింగు వాళ్ళ చేతివాటం గొప్పదే, కానీ ఆ వేడికి ఈ పల్చటి రేకు నిలవదు. తడిగుడ్డ వేసి చల్లార్చే అలవాటూ మానుకోవాలి. అరగదీసి మెరిసే రేకుని రాత్రంతా అలా వదిలేస్తే చెన్నై గాలికి తెల్లారేసరికి పసుపు రాసినట్టు ఉంటుంది. అందుకని కోసిన రోజే ఎపాక్సీ ప్రైమరు పడాలి. లప్పం దాని పైన, రెండు మిల్లీమీటర్లు మించకుండా. బోడి రేకు మీద పెట్టిన లప్పం స్పాంజిలా తేమ పీల్చి లోపల్లోపలే పని కానిస్తుంది.

డ్యూకో పెయింటు రోజుల్లో నవంబరులో రంగు వేయమంటే పాత పెయింటర్లు ఒప్పుకునేవాళ్ళు కారు. గాలిలో తేమ ఎక్కువుంటే ఆరుతున్న పెయింటు మీద తెల్లగా మసక కమ్మేది. తప్పనిసరైతే మెల్లగా ఆరే థిన్నరు కలిపి, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపల కొట్టేసేవాళ్ళు. రంగు అయ్యాక సిల్లుల లోపలికి మైనం కొట్టించడం అసలు పని. కాలిన ఇంజనాయిలు కొట్టే పద్ధతి ఒకటి ఉండేది. తుప్పు ఆగేది నిజమే, దాంతోపాటు సస్పెన్షన్ రబ్బర్లు జిగురయ్యేవి.

పెట్రోలు గొట్టాలు ఇప్పుడు కొత్త సమస్య. ట్యాంకు రెండు సీట్ల మధ్య సొరంగంలో ఉంటుంది, 41 లీటర్లు. అక్కణ్ణుంచి ఇంజనుకి పోయే రబ్బర్లు 1980ల నాటివి, ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. ఆ పాత రబ్బరు లోపలినుంచి మెత్తబడి పెచ్చులు లేస్తుంది, పైకి నున్నగానే కనిపిస్తుంది. వీపు వెనకాల, వేడి ఇంజను పక్కన ఒత్తిడితో పెట్రోలు చిమ్మితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంజెక్షన్ ఒత్తిడికి తట్టుకునే, ఇథనాల్‌కి పనికొచ్చేదని గొట్టం మీదే అచ్చు ఉన్న రకం అడిగి తీసుకోవాలి. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరుకుతుంది, ధర చూసి వెనక్కి తగ్గొద్దు. క్లిప్పులు కూడా అంచు మడిచినవి. గళ్ళ క్లిప్పు రబ్బరుని కోస్తుంది.

బ్రేకుల్లో ఒక్కటే చెప్పాలి. హ్యాండ్‌బ్రేకు వెనక క్యాలిపర్ లోపలే ఉంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు, ముందు చక్రాల బ్రేకులకి చేసినట్టు జీ క్లాంపు పెట్టి పిస్టన్ని నొక్కితే లోపలి మరలు విరిగిపోతాయి. ఆ పిస్టన్ని తిప్పుతూ లోపలికి పంపాలి, చివర్లో దాని ముఖం మీది గాడి ప్యాడు వెనక పిన్నుకి ఎదురుగా వచ్చేలా ఆపాలి.

నడిపే తీరు వ్యానుకి అలవాటుపడ్డవాళ్ళకి కూడా కొత్త. బరువులో సగం కంటే ఎక్కువ వెనక ఉంది. మలుపులో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే బరువు ముందుకి ఉరుకుతుంది, వెనక చక్రాలు తేలికై తోక తిరిగిపోతుంది. అదీ చెప్పి చేయదు. ఈసీఆర్‌లో తొలి వాన రోజు, నూనే దుమ్మూ కలిసిన తడి మీద, మరీను. వేగం తగ్గించాల్సింది మలుపుకి ముందు, తిన్నగా ఉన్నప్పుడే. లోపలికి దిగాక కాలు కదపకూడదు. ఇది సగం డ్రైవరు చేతిలో, సగం వెనక చక్రాల టో చేతిలో, అంటే అవి లోపలికో బయటికో చూసే కోణం చేతిలో ఉంది. వెనక కడ్డీల రబ్బరు బుష్షులు అరిగితే చక్రాలు బయటికి చూడ్డం మొదలెడతాయి, అప్పుడు బండి స్టీరింగు మాట వినదు. అలైన్‌మెంటు కొట్లో "ముందువి చూస్తే చాలు సార్" అంటారు. "తమ్ముడూ, వెనకవి ముందు చూడు, లోపలికి చూస్తున్నాయో లేదో కాగితం తీసివ్వు" అని నిలబడి చేయించుకోవాలి. టైర్లు నాలుగూ ఒకటే కొలత, 185/60 ఆర్14. గోడమీద నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. గాడి బాగున్నా ఆరేళ్ళు దాటిన టైరు ఈ బండికి వద్దు.

మార్పులు చేయాలన్న దురద అందరికీ ఉంటుంది. చక్రాలకి నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం, మధ్య కన్నం 54.1. స్విఫ్టుదీ అదే కాబట్టి అలాయ్‌లు దొరకడం తేలిక, ఆఫ్‌సెట్టు, అంటే చక్రం లోపలికో బయటికో జరిగి కూర్చునే కొలత, మాత్రం పాతదానికి దగ్గరగా చూసుకోవాలి. నట్లు 103 న్యూటన్ మీటర్లు. ముందు మాత్రమే వెడల్పు టైర్లు వేయడం చావు కొనితెచ్చుకోవడం, ముందు పట్టు పెరిగిన మేరకు తోక ఇంకా తొందరగా తిరుగుతుంది. స్ప్రింగులు కోసి కిందికి దించితే వేళచ్చేరి స్పీడ్ బ్రేకర్లకి మొదట తగిలేది ఆ నీళ్ళ పైపులే. సైలెన్సరుకి నార పట్టీ చుట్టించడం చూడ్డానికి బాగుంటుంది, మన తేమకి పట్టీ నీళ్ళు పట్టుకుని లోపలి గొట్టాన్ని తినేస్తుంది. ఇంజనే మార్చాలనుకునేవాళ్ళు 1995లో వచ్చిన 20 వాల్వుల బ్లాక్‌టాప్ వైపు చూస్తారు, 165 గుర్రాలు, నాలుగు సిలిండర్లకీ విడివిడి థ్రాటిళ్ళు. ఇంజనుతో పాటు దాని వైరింగూ దాని కంప్యూటరూ మొత్తంగా తెచ్చుకుంటేనే మొదలుపెట్టాలి. అందులో బెల్టు తెగితే వాల్వులు వంగుతాయి. ఆర్‌సీలో ఇంజను నంబరు మారుతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోని మార్పుతో బండి రోడ్డెక్కితే అయిదేళ్ళకోసారి చేసే రెన్యువల్ దగ్గర ఇరుక్కుంటుంది. అడిగితే చెప్పేదొక్కటే, ఆ డబ్బుతో ముందు బుష్షులన్నీ, పైపులన్నీ, షాకబ్జార్బర్లు నాలుగూ మార్చండి. ఆ తర్వాత కూడా చాలకపోతే చూద్దాం. చాలలేదన్నవాళ్ళు తక్కువ.

దీపాల మోటార్లు ఎండకి గ్రీజు గట్టిపడి మధ్యలో ఆగిపోతాయి, ఒక కన్ను మూసిన బండి పాండీ బజారులో పిల్లలకి భలే వేడుక. మోటారు మీద రబ్బరు టోపీ కింద గుండీ ఉంటుంది, చేత్తో తిప్పితే దీపం లేస్తుంది. ఫ్యూజు తీసి తిప్పాలి, లేకపోతే వేళ్ళు పోతాయి.

1986 తర్వాత పైకప్పు రెండు అద్దాలుగా విడిపోయే రకం కూడా వచ్చింది. దాని రబ్బర్లు ఎంత మంచివైనా కొంత నీరు లోపలికి దిగుతుంది. ఆ నీటిని చుట్టూ ఉన్న గాడి పట్టుకుని, స్తంభాల లోపలి గొట్టాల గుండా కిందికి దింపేయాలి. ఆకూ దుమ్మూ చేరి గొట్టం మూసుకుంటే నీళ్ళు సీటు కిందికీ, కార్పెట్ అడుగున ఉన్న వైర్లలోకీ. ఈశాన్య వానలు అక్టోబరులో వస్తాయి కాబట్టి సెప్టెంబరు చివర్లోనే గడ్డికోత మిషనుకి వాడే నైలాన్ తీగ, రెండు మిల్లీమీటర్లది, కొస సెగకి కాల్చి గుండ్రంగా చేసి నెమ్మదిగా దించాలి. గాలి కొట్టొద్దు, లోపలి అతుకు ఊడితే కప్పు మొత్తం విప్పాలి. తర్వాత గాడిలో ఒక గ్లాసు నీళ్ళు పోసి, బండి పక్కన కూర్చుని చూడాలి. అరనిమిషం లోపల కింద నేల తడవాలి. తడవలేదంటే తీగ మళ్ళీ దించడమే.